ఇళ్ళు లెక్కపెట్టారు, పిల్లల్ని?

హైదరాబాద్ శివారు కొల్లూరులో 2023 జూన్‌లో 15,660 డబుల్ బెడ్రూమ్ ఇళ్ళకు ప్రారంభోత్సవం జరిగింది. నగరంలోని బస్తీల పేదలు అక్కడికి చేరాలి. మరి వాళ్ళ పిల్లలు ఏ బడికి పోవాలె?

ఇంటికొక్క బిడ్డ ప్రాథమిక బడికొచ్చినా 15,660 మంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 200 మంది దాటిన ప్రాథమిక బడిలోనైనా టీచరుకు 40 మందిని మించకూడదు. అంటే 392 మంది టీచర్లు, అన్ని గదులు కావాలి. కానీ ఇళ్ళు కట్టేది ఒక శాఖ, టీచర్లను వేసేది ఇంకో శాఖ. పోస్టులేమో రిజిస్టర్లో పిల్లల పేర్లు ఎక్కాకే లెక్కకొస్తాయి.

ఈలోపు ఫీజు కట్టగలిగినోళ్ళు ప్రైవేటుకు పోతారు. పాత ఊరి బడిలో ఇరుక్కుని కూర్చునేది దళిత, పేద పిల్లలే. ఒకనాడు మనల్ని బడి బయట కూర్చోబెట్టారు. ఇవాళ లోపలికొచ్చినా చోటు లేదు.

మేమనేది ఒక్కటే: ఇంటి పట్టాతోపాటే బడి, టీచరు పోస్టులు మంజూరు కావాలి.