వయ్యారిభామ వలన వచ్చే చర్మవ్యాధి

కంబైనల్లూరు పరిసరాలలోని బీడు భూములలో, బాటల ప్రక్కన, వాన పడిన కొద్ది దినాలకే చిన్న తెల్లని పూలతో గుబురుగా పెరిగే మొక్కను మనమందరమూ చూస్తూనే ఉన్నాము. దానినే వయ్యారిభామ అనీ, కాంగ్రెస్ గడ్డి అనీ అంటారు. తమిళంలో పార్థీనియం అంటారు. పొలం పని చేసేవారికి ఇది తీవ్రమైన చర్మవ్యాధిని తెచ్చిపెట్టగలదు.

అమెరికా ఖండానికి చెందిన ఈ మొక్కను మన దేశంలో 1950ల మధ్యకాలంలో పూణేలో గుర్తించారు. తరువాత అది దేశమంతటా వ్యాపించింది. ఇందులో పార్థెనిన్ అనే పదార్థమున్నది. అది తగిలిన వెంటనే అందరికీ వ్యాధి రాదు. పలుమార్లు తగిలిన పిమ్మట కొందరి శరీరం దానిని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఆపై ఎండిన మొక్క ధూళి గాలిలో వచ్చి సోకినా, ఒకటి రెండు దినాలలో చర్మం ఎర్రబడి, దురద పుట్టి, రసి కారుతుంది. కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ముందుగా చెడతాయి. క్రమంగా చర్మం మందమై నల్లబడుతుంది.

దీనిని కుష్ఠు అని భ్రమించి రోగిని పంక్తిలో కూర్చుండనీయనివారు ఉన్నారు. ఇది అంటువ్యాధి కాదు. కుష్ఠు మచ్చలో స్పర్శ తగ్గుతుంది, ఇందులో దురద నిద్రపట్టనీయదు. కుష్ఠు సైతం మందులతో నయమయ్యేదే.

వ్యాధి ఉన్నవారు ఈ మొక్కను తాకరాదు, కాల్చరాదు. పొలానికి నిండు చేతుల చొక్కా వేసుకొని వెళ్లాలి. ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి. పొడిబారిన చర్మానికి కొబ్బరినూనె రాయవచ్చు. కిరసనాయిలు, ఆకు పసర్లు పూయరాదు. దుకాణంలో అడిగి తెచ్చుకొన్న స్టెరాయిడ్ లేపనాన్ని నెలల తరబడి వాడితే చర్మం పలుచబడుతుంది. వ్యాధి ముదిరినవారికి డాక్టర్లు అజాథయోప్రిన్ మాత్రలు ఇస్తారు. వాటిని వాడేటప్పుడు రక్తపరీక్షలు తప్పనిసరి.

ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లినప్పుడు తమిళం రాదని సంకోచించకండి. దురదను అరిప్పు అనీ, మంటను ఎరిచ్చల్ అనీ చెప్పండి. ఏ పని చేస్తారో, ఏ కాలంలో వ్యాధి ఎక్కువవుతుందో కూడా తెలపండి. ఒళ్ళంతా ఎర్రబడి పొట్టు రాలుతూ చలి పుడితే, ఆ రోజే ఆసుపత్రికి చేరాలి.

రోగి ఇంటి చుట్టూ ఉన్న వయ్యారిభామను పూత రాకమునుపే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతితొడుగులతో ఇరుగుపొరుగువారు వేళ్లతో సహా పీకివేస్తే, అదే అతనికి మొదటి మందు.