కోడికి చేసిన టెస్ట్ గిన్నెకోడికి పనికొస్తుందా? జీన్ల లెక్కలో తిరకాసు ఇదే..

ఎండాకాలం వస్తే అచ్చంపేట వైపు పెరటి కోళ్లు పెంచేవాళ్లకు టెన్షనే. కోడి, గిన్నెకోడి, కౌజు పిట్ట.. వీటిలో ఎండను ఏది బాగా తట్టుకుంటుంది? దీనికోసం సైంటిస్టులు చూసేవాటిలో ఒకటి హెచ్‌ఎస్‌పీ70 జీన్. వేడికి కణాల్లోని ప్రోటీన్లు దెబ్బతినకుండా కాపాడేది ఇదే. అది ఎంత పనిచేస్తోందో ఆర్‌టీ-పీసీఆర్‌తో కొలుస్తారు. అవును, కరోనా టైంలో అందరం విన్న పద్ధతే.

కోడి జీనోమ్ 2004లోనే బయటికొచ్చింది. అందుకే జీన్‌ను వెతికి పట్టుకునే డీఎన్‌ఏ ముక్కలు, అంటే ప్రైమర్లు, ఎక్కువగా కోడి కొలతకే తయారయ్యాయి. గిన్నెకోడిలో ఆ చోట ఒకట్రెండు అక్షరాలు మారినా ప్రైమర్ సరిగ్గా అతుక్కోకపోవచ్చు. మెషీన్‌లో ఒక్కో సైకిల్‌కు కాపీలు రెట్టింపవుతాయి. అంటే 3 సైకిళ్లు లేటైతే జీన్ 8 రెట్లు తక్కువ పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. నిజానికి తగ్గింది ప్రైమర్ పట్టు!

పోలికకు వాడే బీటా యాక్టిన్, జీఏపీడీహెచ్ లాంటి రెఫరెన్స్ జీన్లనూ గుడ్డిగా నమ్మలేం. ఎండకు అవే మారితే తూకం రాయే తేడా వచ్చినట్టు. అందుకే రెండు మూడు కలిపి చూస్తారు.

మరి ప్రైమర్ సంగతి? అన్ని పక్షుల్లో ఒకేలా ఉన్న భాగాన్ని ఎంచుకోవాలి. హైదరాబాద్ సీసీఎంబీ వన్యప్రాణులను గుర్తించే యూనివర్సల్ ప్రైమర్ల సూత్రమూ ఇదే. కాకపోతే అక్కడ జాతి తేలితే చాలు, ఇక్కడ 'ఎంత' అన్నది తేలాలి. శాంపిల్‌ను 10 రెట్లు పలుచన చేస్తే సుమారు 3.3 సైకిళ్లు పెరగాలి. ఈ చెకింగ్ ఒక్కో జాతికి విడిగా చేయాల్సిందే.

నాటుకోడి, వనరాజా పోలిక మాత్రం కాస్త సులువు.. రెండూ కోడి జాతే కదా.