కుర్రకారు స్పోర్ట్స్ కారుకి రెండే చక్రాలు!

సినిమాకీ, బండికీ వొక పోలిక వుంది. విడుదలైన రోజున ఎంత గోల చేసిందన్నది కాదు, ఏళ్లు గడిచాక ఎవరు వెతుక్కుంటూ వస్తున్నారన్నదే అసలు లెక్క! 2010లో ఆడని 'ఖలేజా' 2025లో మళ్లీ విడుదలై హాళ్లు నింపలేదూ? బండ్లకీ అలాంటి రెండో ఆట వుంటుంది.

అమెరికాలో 1964లో ఫోర్డ్ ముస్తాంగ్ అనే కారు వచ్చింది. జమీందార్ల కోసం చేసింది కాదు. మామూలు ఉద్యోగస్తుడికీ అందే ధరలో స్పోర్ట్స్ కారు షోకు! 1968లో స్టీవ్ మెక్వీన్ 'బులిట్' చిత్రంలో ఆ కూపే కారుని శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల ఎత్తుపల్లాల మీద ఎగిరించిన ఛేజింగ్ గురించి యిప్పటికీ చెప్పుకుంటారు. షూటింగులో వాడిన ఆ కారు తరువాత వొక మామూలు కుటుంబానికి చేరింది. ఆ యింటి ఇల్లాలు టీచరమ్మ. దాంట్లోనే బడికి వెళ్లి వచ్చేవారు. అదే కారు 2020 జనవరి వేలంలో 37 లక్షల డాలర్లు దాటి పలికింది!

మరి మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల సంగతి? యిక్కడ రెండు తలుపుల కారు ఎవరికి పనికొస్తుంది చెప్పండి! అమ్మా, నాన్నా, పిల్లలూ, నానమ్మా కలిసి వేములవాడ రాజన్న దర్శనానికి బయలుదేరితే నాలుగు తలుపులూ చాలవు. అందుకే మన కుర్రకారు స్పోర్ట్స్ కారుకి రెండే చక్రాలు. దాని పేరు యమహా ఆర్‌ఎక్స్ 100.

ఎస్కార్ట్స్ కంపెనీ యమహాతో కలిసి 1985 చివర దాన్ని మన దేశంలో దింపింది. యింజను 98 సి.సి.; శక్తి 11 హార్స్ పవర్. బరువు మాత్రం సుమారు నూరు కిలోలే! అదే ఏడాది హీరో హోండా సి.డి.100 కూడా వచ్చింది. అది బుద్ధిమంతుడైన పెద్దన్నయ్య. ఫోర్ స్ట్రోక్ యింజను కనుక పెట్రోలు పొదుపుగా తాగుతుంది, మాట పెగలనివ్వదు. ఆర్‌ఎక్స్ అల్లరి తమ్ముడు. టూ స్ట్రోక్ యింజను కదా... తిరిగిన ప్రతి చుట్టుకీ మంట అంటుకుంటుంది. పెద్దన్నయ్యకి రెండు చుట్లకి వొకసారి! అందుకే ఆ దూకుడు, ఆ చప్పుడు, ఆ పొగ. చివరికి పొగే కొంప ముంచింది. కాలుష్య నిబంధనలు బిగుసుకోవడంతో 1996లో ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగిపోయింది.

అసలు తమాషా అప్పుడే మొదలైంది. యింటిల్లిపాదినీ మోసిన పొదుపు బండిని జనం గౌరవించారు. అల్లరి బండిని ప్రేమించారు. యిప్పుడు ఏ టీ కొట్టు ముందు వొక ఆర్‌ఎక్స్ ఆగినా ఎవరో వొకరు అడగకుండా వుండరు.

"అన్నా, బండి అమ్ముతవా?"

"బాపు బండి తమ్మీ... అమ్మను!"

'యిదంతా సినిమా మహిమే' అంటారా? కొంత నిజమే. 1973లో 'బాబీ' చిత్రంలో రిషి కపూర్ నడిపిన చిన్న రాజ్‌దూత్ బండికి 'బాబీ' అనే పేరే స్థిరపడిపోయింది. 2018లో అజయ్ భూపతి దర్శకత్వంలో కార్తికేయ, పాయల్ రాజ్‌పుత్ జంటగా ఏకంగా 'ఆర్‌ఎక్స్ 100' పేరుతోనే చిత్రం వచ్చింది. కానీ వొకటి గమనించండి. తయారీ ఆగిన 22 ఏళ్లకి వొక దర్శకుడు ఆ పేరు పెట్టాడంటే, జనం గుండెల్లో అది అప్పటికే వుందన్నమాట! సినిమా బండికి గ్లామర్ యిస్తుందేమో గాని ప్రాణం పొయ్యదు.

అయితే యీ మోజే బండికి ముప్పు కూడా. చప్పుడు యింకా పెరగాలని సైలెన్సర్ కోయించేవాళ్లు, ఫ్రేము కోసి సీటు కుదించేవాళ్లు, యింజను మార్చేవాళ్లు మన వూళ్లలో తక్కువేం కాదు. వాళ్లకి వొక కబురు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు నిండిన బండికే ఆ హోదా. ఛాసిస్, బాడీ, యింజను అసలు రూపంలోనే వుండాలి. అంటే తొలి ఆర్‌ఎక్స్‌లకి ఆ యోగ్యత పట్టేది 2035 చివర. యీ రోజు రంపం పెట్టిన బండి ఆ పరీక్షకి నిలవదు!

కాగితాలూ అంతే ముఖ్యం. ఉమ్మడి కరీంనగర్ జిల్లా రోజుల ఎ.పి. 15 నంబరు ప్లేటు వున్న బండి అంటే వొక చరిత్ర. 2016లో జిల్లాలు విడిపోయాక జగిత్యాలకి 21, సిరిసిల్లకి 23 వచ్చాయి. కానీ 15 ఏళ్లు దాటాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించకపోతే ఎంత ముద్దొచ్చే బండి అయినా రోడ్డెక్కడానికి లేదు. 20 ఏళ్లు దాటిన మోటారు సైకిలుకి ఆ రుసుము 2025లో 2,000 రూపాయలైంది. 'యింత ఖర్చెందుకు?' అని పాత ఇనుము వాడికి తూచి యిచ్చేస్తున్న యిళ్లూ వున్నాయి. బండ్లు అరుదయ్యేది అలాగే మరి!

యిక రేపటి క్లాసిక్ ఏది? 2001లో వచ్చిన తొలి పల్సరా? 2003 నాటి కరిజ్మానా? జోస్యం చెప్పలేం గాని గుర్తులు చెప్పగలం. కొత్తలో కుర్రకారుని వూపి వుండాలి. తయారీ ఆగిపోయి వుండాలి. యిప్పుడు ఎవరూ పట్టించుకోకుండా రేకుల షెడ్డులో దుమ్ము కొట్టుకుపోతూ వుండాలి. అందరూ పట్టించుకునే నాటికి ధర చెయ్యి దాటిపోతుంది!

కనుక మిత్రులారా, యీ ఆదివారం మ్యాటినీకి వెళ్లేముందు వొక పది నిముషాలు మీ షెడ్డులోకి తొంగిచూడండి. ఆ మూల బాపు బండి వుంటే దాని ఆర్.సి. పుస్తకం ఏ బీరువాలో వుందో అమ్మనడగండి. సైలెన్సర్ సంగతి మాత్రం మరిచిపోండి... అది వున్నట్టే బాగుంది!