దండకలో సీత అడిగిన ప్రశ్న

బస్తరుసీమలో, దంతెవాడ జిల్లాలో, ఇంద్రావతీనదికి సమీపమున బారసూరను గ్రామమొకటి కలదు. ఛిందకనాగవంశపు రాజగు జగదేకభూషణ ధారావర్షుని సామంతుడును, తెలుగుచోడుడును ఐన చంద్రాదిత్యుడు అచట శివాలయము కట్టించి, తటాకము త్రవ్వించి, ఆ ధర్మకార్యములను క్రీ.శ. 1060లో తెలుగుననే శిలపై చెక్కించెను. ఇంద్రావతి పోయి కలియునది గోదావరిలో; ఆ గోదావరి యొడ్డున, రాజమహేంద్రవరములో, రాజరాజనరేంద్రుని కొలువున నన్నయభట్టు భారతమును తెనిగించుటయు ఇంచుమించుగ ఆ కాలముననే. శాసనము తాను చెప్పవలసినది చెప్పి ముగిసినది. నేడు దానిని చరిత్రపరిశోధకులు తప్ప చదువువారరుదు. నన్నయ అరణ్యపర్వము నడుమ విడిచిన భారతమో, పదుమూడవ శతాబ్దిలో తిక్కనను, పదునాలుగవ శతాబ్దిలో ఎఱ్ఱనను పిలిచి తన్ను తాను పూరింపించుకొన్నది.

ప్రాచీనకావ్యములు నేటివారికెందులకని యడుగువారికి నేను సిద్ధాంతములు చెప్పజాలను. బస్తరును దండకారణ్యమని పిలుచుచున్నాము గనుక, వాల్మీకి అరణ్యకాండమున తొమ్మిదవ సర్గము తెఱచి చదువుడని మాత్రము వేడుదును. రాక్షసపీడితులైన మునులకు అభయమిచ్చి, ధనుర్బాణములు ధరించి రాముడు దండకలో ముందునకు సాగబోవుచుండగా సీత మాటాడును. కామమువలన పుట్టు దోషములు మూడనియు, వానిలో అసత్యమును పరస్త్రీకాంక్షయు నీయందు లేవనియు, వైరము లేనివారిని హింసించుట యను మూడవది మాత్రము నిన్ను సమీపించుచున్నదనియు ఆ యిల్లాలు వెఱవక చెప్పును. చెప్పి యొక కథ వినిపించును. ఇంద్రుడు భటవేషమున వచ్చి యొక తపస్వికడ ఖడ్గమును దాచుమని యిచ్చిపోయెను. ఇల్లడ సొమ్మును కాపాడవలెనను శ్రద్ధచేత ఆ తపస్వి కందమూలములకై పోవునప్పుడును దానిని వెంట గొనిపోవుచు, దాని సాహచర్యముననే క్రమముగ మనస్సు క్రూరమై, తపస్సు చెడి, తుదకు నరకము పాలయ్యెను.

రాముడు కోపింపడు. స్నేహముచే పలికితివని ఆమెను మెచ్చుకొని, ఆర్తులకిచ్చిన మాట యున్నదనియు, ప్రాణమునైనను, నిన్నును లక్ష్మణునినైనను విడుతును గాని దానిని విడువజాలననియు బదులు చెప్పును. ఎవరి వాదము గెలిచెనో వాల్మీకి తీర్పు చెప్పలేదు. చేతనున్న ఆయుధము మనస్సునేమి చేయును, నిరాయుధుని రక్షించు భారమెవరిది యను నీ రెండు ప్రశ్నలును, దశాబ్దములుగ తుపాకుల మ్రోత విన్న నేటి బస్తరునకు ఎంత దగ్గఱవో! మన వాదములలో ఎదుటివాడు వెంటనే శత్రువగును. ఇచట రెండు పక్షములును ఒక దంపతుల నోట, పరస్పరానురాగమునకు లోపము రాకుండ పలికినవి. అట్టి సంభాషణమును నేను మఱి యెచటను చదివి యెఱుగను.

కావ్యమనగా తాళపత్రములకెక్కినదే యనుకొనుట పొరపాటు. కొండగావ్ ప్రాంతమున హల్బీభాషలో గురుమాయిలను గాయనులు పాడు లఛ్మీజగారను గాథయు ఆ పంక్తిలో నిలుపదగినదే. వరికోతల కాలమున, కుండమూతిపై చేటను పెట్టి, దానిపై విల్లునానించి, వెదురుపుల్లతో గీయుచు నారిని మీటుచు, ధన్‌కుల్ అను ఆ వాద్యముతో స్త్రీలు దినముల తరబడి ధాన్యలక్ష్మి కథను పాడి, చివరను ఆమెకు నారాయణునితో పెండ్లి చేయుదురు. గురుమాయి సుక్‌దయి పాడిన పాఠమును కొండగావ్ రచయిత హరిహర వైష్ణవ్, మానవశాస్త్రవేత్త క్రిస్ గ్రెగరీ కలిసి 2003లో గ్రంథముగ ప్రకటించిరి. బియ్యమును సంచులతో కొని తెచ్చుకొను నగరవాసికి, ఆ గింజకొక జన్మవృత్తాంతమున్నదనియు, చదువు రాని స్త్రీల కంఠములు దానిని నిలిపినవనియు తెలియవలెను. ఆ కథను మొదటినుండి తుదివరకు మంచి తెలుగున చదువవలెనని నా కోరిక. హల్బీయు తెలుగును వినబడు, బస్తరులోని బీజాపురపు సరిహద్దుసీమలో ఆ పనికి తగినవారు పూనుకొందురు గాక.