రెండు పాత లాప్‌టాప్‌లు, మధ్యలో ఒక్క లాన్ కేబుల్

పోయిన నెల ఊరెళ్ళినప్పుడు నాన్న తన లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టారు. "ఒరేయ్, ఇది ఇవాళో రేపో ఆగిపోయేలా ఉంది. మీ నాయనమ్మ వీడియోలు బయటికి తియ్యి" అన్నారు. 2011లో కొన్న విండోస్ 7 మెషిన్ అది. వైఫై ఎప్పుడో పోయింది. యూఎస్‌బీ పోర్టుల్లో ఒక్కటే పనిచేస్తోంది, అది కూడా పెన్‌డ్రైవ్ కాస్త కదిలితే కట్. నాయనమ్మ బతుకమ్మ పాటలు పాడుతుండగా తీసిన వీడియోలు అందులో తప్ప ఇంకెక్కడా లేవు. ఆవిడ ఇప్పుడు లేరు.

మొత్తం 80 జీబీ. నా కొత్త లాప్‌టాప్‌కి లాన్ పోర్టే లేదు. ఇంట్లో నా బీటెక్ నాటి లాప్‌టాప్ ఉంది, విండోస్ 10. ఆ రెండింటినీ కేబుల్‌తో కలిపేశాం. ఎలాగో వరసగా చెప్తాను.

ముందు కేబుల్ సంగతి. రెండు వైపులా యూఎస్‌బీ పిన్ ఉన్న మామూలు వైరు కొని రెండు లాప్‌టాప్‌లకీ గుచ్చకండి. రెండు వైపుల నుంచీ 5 వోల్టుల కరెంటు వస్తుంది, పోర్టు కాలిపోవచ్చు. మనకి కావాల్సింది రౌటర్‌కి పెట్టే లాన్ కేబుల్. "క్రాసోవర్ కేబుల్ కావాలి కదా" అని కొందరు అడుగుతారు. అది ఒక చివర నారింజ, ఆకుపచ్చ జతలు తారుమారు చేసి కట్టిన కేబుల్. ఒక లాప్‌టాప్ పంపే తీగ రెండోదాని అందుకునే తీగకి తగలాలి కాబట్టి అలా కట్టేవాళ్ళు. గిగాబిట్ పోర్టులు ఈ మార్పిడి వాటంతట అవే చేసుకుంటాయి. రెండింట్లో ఒక్కదానికి ఆ సౌకర్యం ఉన్నా మామూలు కేబుల్ చాలు. గుచ్చాక పోర్టు దగ్గర లైటు వెలిగిందంటే వైరు పని అయిపోయినట్టే.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. లైటు వెలుగుతుంది, కానీ అవతలి లాప్‌టాప్ కనబడదు. వెంటనే కేబుల్‌ని అనుమానిస్తారు. నిజానికి అక్కడ లేనిది అడ్రస్. ఇంట్లో అయితే అడ్రస్‌లు రౌటర్ ఇస్తుంది, ఇక్కడ రౌటర్ లేదు. విండోస్ తనంతట తానే 169.254తో మొదలయ్యే అడ్రస్ ఒకటి పెట్టుకుంటుంది, దాంతో కూడా పని జరుగుతుంది. కానీ మనమే ఇస్తే తికమక ఉండదు.

కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్, అందులో చేంజ్ అడాప్టర్ సెట్టింగ్స్. విండోస్ 7లో లోకల్ ఏరియా కనెక్షన్, విండోస్ 10లో ఈథర్‌నెట్ అని ఉంటుంది. రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4. నాన్న లాప్‌టాప్‌కి 192.168.10.1, నాదానికి 192.168.10.2 ఇచ్చాను. సబ్‌నెట్ మాస్క్ రెండింటికీ 255.255.255.0. గేట్‌వే ఖాళీగా వదిలేయండి. మనం బయటికి పోవట్లేదు కదా.

తర్వాత షేరింగ్. ఫైళ్ళున్న లాప్‌టాప్‌లో అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌కి వెళ్ళి ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చేయాలి. ఇలాంటి కనెక్షన్‌ని విండోస్ పబ్లిక్ నెట్‌వర్క్ కింద చూస్తుంది, అందుకని పబ్లిక్ అన్నచోటే ఆన్ చేయండి. ఆ తర్వాత కావాల్సిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్, షేరింగ్, అడ్వాన్స్‌డ్ షేరింగ్. పర్మిషన్ రీడ్ దగ్గరే ఉంచండి. అవతలి నుంచి పొరపాటున డిలీట్ నొక్కినా ఏమీ పోదు.

ఇప్పుడు నా లాప్‌టాప్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైన రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి 192.168.10.1 అని టైప్ చేశాను. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగింది. నాన్న యూజర్‌నేమ్ కొట్టి పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేశాను, ఎందుకంటే ఆయన ఎప్పుడూ పాస్‌వర్డ్ పెట్టుకోలేదు. లోపలికి రానివ్వలేదు. అరగంట కొట్టుకున్నాను. విషయం ఏంటంటే, పాస్‌వర్డ్ లేని అకౌంట్‌తో నెట్‌వర్క్ మీద నుంచి లాగిన్ అవ్వడానికి విండోస్ మామూలుగా ఒప్పుకోదు. ఆయన అకౌంట్‌కి ఒక పాస్‌వర్డ్ పెట్టాను, ఫోల్డర్ తెరుచుకుంది.

ఇక కాపీ. 100 ఎంబీపీఎస్ పోర్టుకి సెకనుకి 11 ఎంబీ దాకా వస్తుంది. ఆ లెక్కన 80 జీబీకి రెండు గంటలు. చిన్న చిన్న ఫొటోలు వేలల్లో ఉంటే ఇంకాస్త పడుతుంది, మాకు రెండున్నర గంటలు పట్టింది. రెండింటికీ ఛార్జర్ పెట్టి, స్లీప్ ఆఫ్ చేశాకే మొదలుపెట్టండి. హార్డ్ డిస్క్ మీద అనుమానం ఉంటే మొత్తం ఒకేసారి లాగకండి. మళ్ళీ దొరకనివి ముందు. మేం నాయనమ్మ ఫోల్డర్ ఒక్కటే ముందు లాగాం, సినిమాలు ఆఖర్న.

కట్ పేస్ట్ మాత్రం వద్దు. హాస్టల్లో ఒకసారి అలాగే చేశాను. మధ్యలో ఎవరి కాలో తగిలి కేబుల్ ఊడింది. సగం ఫైళ్ళు ఇటు, సగం అటు. కాపీ చేయండి, రెండు వైపులా ఫైళ్ళ సంఖ్య, సైజు సరిచూడండి, కొన్ని తెరిచి చూడండి. ఆ తర్వాత కూడా పాతవి డిలీట్ చేయడానికి తొందరేం లేదు.

అన్నీ అయ్యాక షేరింగ్ ఆఫ్ చేయండి, అడ్రస్‌ని మళ్ళీ ఆటోమేటిక్‌లో పెట్టండి. లేకపోతే రేపు అదే పోర్టుకి రౌటర్ కేబుల్ పెడితే నెట్ రాదు.

రాత్రి పదిన్నరకి కాపీ అయిపోయింది. సరిచూద్దామని ఒక వీడియో తెరిచాను. నాయనమ్మ గొంతు వినబడగానే వంటింట్లోంచి అమ్మ వచ్చి నిలబడింది. నాన్న ఏమీ మాట్లాడలేదు. "ఇంకో దాంట్లో కూడా వేసి పెట్టరా" అన్నారంతే. మర్నాడు పొద్దున్నే ఎక్స్‌టర్నల్ డిస్క్ కొని అందులో కూడా వేశాను.

మీ ఇంట్లో కూడా ఇలాంటి లాప్‌టాప్ ఏ బీరువాలోనో ఉండే ఉంటుంది. అది ఆన్ అవుతుండగానే ఈ పని చేసేయండి.