కారు జబ్బు చెప్పే కేబులు - మన ఇంట్లోనే!

బీరువా తాళాలు, గ్యాసు బుక్కు, చీటీ పాట లెక్కలు అన్నీ మన చేతిలోనే ఉంటాయి. బండి రిపేరు మాట వచ్చేసరికి మాత్రం 'అది మగవాళ్ళ సంగతి' అని పక్కకు తప్పుకుంటాం. ఖర్చేమో మన పోపుల డబ్బాలోంచే పోతుంది కదండీ! అందుకే ఈసారి పచ్చళ్ళు, పొడులు కాస్త పక్కన పెట్టి, కారు జబ్బు కనిపెట్టే కేబులు ఎలా తయారు చేసుకోవచ్చో చెబుతాను. భయపడకండి. జాకెట్టుకు హుక్కులు కుట్టగలిగిన చెయ్యికి ఇది కష్టమేం కాదు.

కారు తాళం తిప్పగానే మీటర్ల మధ్య పసుప్పచ్చగా ఇంజిను బొమ్మ వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవడం చూసే ఉంటారు. ఆరకుండా అలాగే వెలుగుతూ ఉంటే, కారులో ఉండే కంప్యూటరు ఏదో జబ్బు పసిగట్టిందన్న మాట. ఆ జబ్బును అది ఒక అక్షరం, నాలుగు అంకెల గుర్తుగా దాచిపెడుతుంది. పి 0301 అంటే మొదటి సిలిండరు సరిగా మండడం లేదని. పి 0171 అంటే పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైందని. అమెరికాలో 1996 నుంచి అమ్మిన కార్లన్నింటికీ ఒకే తీరు ప్లగ్గు, ఒకే తీరు గుర్తులు ఉండాలని చట్టం పెట్టారు. పొగ తగ్గించాలన్నది వాళ్ళ ఉద్దేశం. మన దేశంలో బి.ఎస్. 4 బండ్లకు 2010లో మొదటి మెట్టు, 2013 ఏప్రిల్ నుంచి రెండో మెట్టు అమలైంది. కాబట్టి ఆ తరువాతి కారైతే స్టీరింగు కింద, మోకాళ్ళ దగ్గర, పదహారు బెజ్జాల ప్లగ్గు ఉండి తీరుతుంది. వంగి ఒకసారి చూడండి.

ఇంత తాపత్రయం ఎందుకంటారా? మా చెల్లెలిని ఎమ్మిగనూరులో ఇచ్చాం. వాళ్ళది మగ్గం నేసే ఇల్లు. 1938లో మాచాని సోమప్ప గారు పెట్టిన చేనేత సొసైటీ పేరు మన వైపు తెలియనివాళ్ళు లేరు గానీ, ఇప్పుడు మగ్గం మీద ఇల్లు గడవడం ఎంత కష్టమో కూడా అందరికీ తెలిసిందే. మా మరిది మగ్గం మడిచి, సెకండ్ హ్యాండులో ఒక పెట్రోలు కారు కొని బాడుగకు తిప్పుతున్నాడు. మంత్రాలయం దర్శనాలు, ఉరుకుంద అమావాస్యలు, ఆదోని ఆస్పత్రులకు పేషెంట్లు, ఇవే ఆయన బేరాలు.

పోయిన ఎండాకాలం ఆ పసుపు బొమ్మ వెలిగి ఆరలేదు. లీటరుకు పదహారు వచ్చే బండి పదకొండుకు పడిపోయింది. రేడియేటరు ఫ్యాను ఆగకుండా తిరుగుతోంది. ఒక షెడ్డులో చూపిస్తే 'కంప్యూటరు పెట్టె పోయింది, ఇరవై రెండు వేలవుతుంది' అన్నారట. ఆయన మోసగాడని నేననను. కొలిచే సాధనం లేకపోతే ఎంత మంచి వైద్యుడైనా ఊహే గదా చెప్పేది. కానీ ఆ ఇరవై రెండు వేలు ఎక్కడివి? కూతురి కాలేజీ ఫీజుకని వేసుకున్న చీటీ ఒక్కటే ఉంది. నష్టానికి పాడి తీసుకుందామా అని చెల్లెలు ఫోన్లో ఏడ్చింది. 'రెండు రోజులు ఆగమ్మా' అన్నాను. మా అబ్బాయి డిప్లొమాలో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు. వాడు చెబుతుంటే నేనే కూర్చుని అతుకులు వేశాను.

ముందు చూడాల్సింది బెజ్జాలు. ప్లగ్గు వెడల్పు వైపు పైకి వచ్చేలా ఎదురుగా చూస్తే, పై వరుస ఎడమ నుంచి కుడికి 1 నుంచి 8, కింది వరుస 9 నుంచి 16. ఏడో బెజ్జంలో ఇత్తడి రేకు కనిపిస్తే ఆ కారు 'కె లైను' అనే ఒక్క తీగ మీద మాట్లాడుతుంది. నేను చెప్పే కేబులు దానికే పనికొస్తుంది. ఏడో బెజ్జం ఖాళీగా ఉండి 6, 14లో మాత్రమే రేకులుంటే అది 'క్యాన్' పద్ధతి. దానికి ఇలా చేయకండి, అంగడిలో దొరికే ఇ.ఎల్.ఎం. 327 రకం కొనుక్కోండి. కెనడాలో ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు తయారు చేసిన చిప్పు అది. ఇప్పుడు వచ్చేవి చాలా వరకు దానికి నకళ్ళే, కొన్ని పనిచేస్తాయి, కొన్ని చేయవు. తిరిగి తీసుకునే అంగడిలోనే కొనండి.

ఇక కావలసినవి. యు.ఎస్.బి.ని సీరియల్‌గా మార్చే ఎఫ్.టి. 232 బోర్డు ఒకటి, ఎల్ 9637 డి అనే చిప్పు ఒకటి (కందిపప్పు బద్దంత ఉంటుంది, చిన్న అడుగు బోర్డు మీద అతికించింది కొంటే మన కళ్ళకు సుఖం), 510 ఓమ్‌ల రెసిస్టరు, ఒక ఆంపియరు ఫ్యూజు, పదహారు కాళ్ళ మగ ప్లగ్గు, నాలుగు రంగుల వైరు. అన్నీ కలిపి మాకు ఎనిమిది వందల లోపే అయింది.

ఆ చిప్పు ఎందుకంటే, కారు మాట్లాడేది పన్నెండు వోల్టుల మీద, ఇంజిను నడిచేటప్పుడు పద్నాలుగు దాకా పోతుంది. ల్యాప్‌టాప్ యు.ఎస్.బి. తట్టుకునేది అయిదే. నేరుగా కలిపితే ల్యాప్‌టాప్ బూడిదే! వియ్యాలవారి మధ్య పెద్దమనిషి లాగా ఈ చిప్పు ఇద్దరి మాటనూ ఇద్దరికీ సరిపోయే గొంతులో చేరవేస్తుంది.

ప్లగ్గు 16వ కాలు నుంచి ఫ్యూజు మీదుగా చిప్పు బ్యాటరీ కాలుకు (వి.ఎస్. అని ఉంటుంది). 7వ కాలు చిప్పు 'కె' కాలుకు. ఈ రెంటి మధ్య 510 ఓమ్‌ల రెసిస్టరు. 4, 5 కాళ్ళు, చిప్పు గ్రౌండు, యు.ఎస్.బి. బోర్డు గ్రౌండు నాలుగూ ఒకటిగా కలపాలి. బోర్డు మీది అయిదు వోల్టులు చిప్పు వి.సి.సి. కాలుకు. బోర్డులో 3.3, 5 అని మార్చే పిన్ను ఉంటే 5 మీద పెట్టండి. మామూలుగా టి.ఎక్స్.ను ఆర్.ఎక్స్.కు తిప్పి కలుపుతారు గానీ ఈ చిప్పుకు అలా కాదు, టి.ఎక్స్. టి.ఎక్స్.కే, ఆర్.ఎక్స్. ఆర్.ఎక్స్.కే. ఇంకొక్క మాట, మగ ప్లగ్గును వెనక నుంచి చూస్తే అంకెల వరస కారు ప్లగ్గును ఎదురుగా చూసినట్టే ఉంటుంది, ముందు నుంచి చూస్తే మాత్రం అద్దంలో లాగా తిరగబడుతుంది. ప్లగ్గు మీద చిన్న అంకెలుంటాయి, వాటినే నమ్మండి.

అతుకులు కిటికీ దగ్గర వేయండి, వంటగట్టు మీద వద్దు. టంకంలో సీసం ఉంటుంది, చేతులు సబ్బుతో కడుక్కోకుండా చంటిపిల్లలను ఎత్తుకోకండి. అంతా అయ్యాక మల్టీమీటరుతో 16వ కాలుకూ యు.ఎస్.బి. అయిదు వోల్టుల తీగకూ నేరుగా తగులుడు లేదని చూసుకున్న తరువాతే కారుకు పెట్టాలి. ఈ పని మానకండి.

ముందు కారుకు, తరువాత ల్యాప్‌టాప్‌కు తగిలించి, తాళం 'ఆన్'లో ఉంచండి. ఇంజిను స్టార్ట్ చేయనక్కర లేదు. ఇలాంటి సాదా కేబుల్‌తో పనిచేసే ఫ్రీడయాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, మావాడు దాన్నే ఎక్కించాడు.

మా మరిది కారులో వచ్చిన గుర్తు పి 0118. ఇంజిను నీళ్ళ వేడి కొలిచే సెన్సారు దారిలో తేడా అని అర్థం. వేడి ఎంతుందో చూపించమంటే మైనస్ 40 డిగ్రీలు చూపించింది! ఆదోని ఏప్రిల్ ఎండలో, బయట నలభై దాటి మాడుతుంటే! సెన్సారు తీగ తెగితే కంప్యూటరుకు అలాగే కనబడుతుంది. ఇంజిను మంచుగడ్డలా ఉందనుకుని పెట్రోలు ఎక్కువగా పోస్తుంది. అందుకే మైలేజీ పడిపోయింది. వేడి ఎంతో తెలియదు గనుక ఎందుకైనా మంచిదని ఫ్యాను ఆపదు. బానెట్టు ఎత్తి ఆ తీగ వెంబడి పోతే, రేకు చాటున ఎలుక కొరికిన చోటు దొరికింది. మా మరిది 'వదినా, ఇదేనా ఇరవై రెండు వేలు!' అని నవ్వాడు గానీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తీగ అతికి, టేపు చుట్టి, గుర్తు చెరిపేస్తే బొమ్మ మళ్ళీ వెలగలేదు. చీటీ డబ్బు చీటీలోనే ఉంది, జూన్‌లో పిల్ల ఫీజు కట్టారు.

అన్ని జబ్బులూ ఇంత సులువుగా తేలవు సుమండీ. సెన్సారు పేరు వచ్చిందంటే సెన్సారే పోయిందని కాదు. తీగ, ప్లగ్గు, తుప్పు ముందు చూడాలి. బ్రేకులు, ఎయిర్ బ్యాగుల జోలికి ఈ కేబుల్‌తో వెళ్ళకండి. వారంటీలో ఉన్న కొత్త కారైతే షోరూముకే వదిలేయండి. గుర్తు చెరిపే ముందు తేదీ, కిలోమీటర్లు, అంకెలు రాసుకోండి. మా చెల్లెలు పాలలెక్క పుస్తకం వెనక పేజీల్లో రాస్తోంది.

పాత కారు కొనేటప్పుడు కూడా కేబుల్ వెంట తీసుకెళ్ళండి. కొందరు అమ్మే రోజు పొద్దున్నే గుర్తులన్నీ చెరిపేసి, బొమ్మ ఆర్పేసి చూపిస్తారు. అలా చెరిపితే కారు తనను తాను పరీక్షించుకున్న ఫలితాలు కూడా చెరిగిపోయి, 'పరీక్ష పూర్తి కాలేదు' అని వస్తుంది. అది కనబడితే బేరం మరుసటి వారానికి వాయిదా వేసి, ఈలోగా నాలుగు రోజులు బండి నడిపి చూపించమనండి.