మగవారి ఛాతీలో గడ్డ.. చిన్నచూపు తగదు

సైదాబాద్: రొమ్ము క్యాన్సర్ స్త్రీల వ్యాధి అన్న నమ్మకం జనంలో పాతుకుపోయింది. అది పురుషులకూ వస్తుంది. మొత్తం రొమ్ము క్యాన్సర్ కేసుల్లో వీరి వాటా సుమారు ఒక శాతమే. అరుదు కావడమే వీరి పాలిట శాపమవుతోంది. గడ్డ చేతికి తగిలినా సెగగడ్డ అనో, కొవ్వు అనో సరిపెట్టుకుంటారు. నలుగురికీ తెలిస్తే నామోషీ అని ఇంట్లో కూడా చెప్పరు. మగవారి ఛాతీలో కణజాలం తక్కువ కనుక గడ్డ చర్మానికి, కింది కండరానికి త్వరగా పాకుతుంది. వైద్యుడి వద్దకు వచ్చేసరికి చంకలో బిళ్లలు కట్టి ఉండటం కద్దు.

ఎక్కువగా 60 ఏళ్లు పైబడిన వారిలో కనిపిస్తుంది. చనుమొన కింద లేదా పక్కన నొప్పి లేని గట్టి గడ్డ, చనుమొన లోపలికి లాగుకుపోవడం, పుండు పడటం, రక్తం చెమర్చడం దీని లక్షణాలు. అమెరికా గాయని బియాన్సే తండ్రి మాథ్యూ నోల్స్ చొక్కాపై రక్తపు చుక్కలు చూసి పరీక్ష చేయించుకున్నారు. తనకు ఈ వ్యాధి ఉన్నట్లు 2019 అక్టోబరులో బహిరంగంగా చెప్పారు. ఆయనలో బీఆర్‌సీఏ-2 జన్యులోపం బయటపడింది. ఈ లోపం తండ్రి నుంచి కూతురికీ సంక్రమించవచ్చు. అందుకే తండ్రికి వ్యాధి తేలితే జన్యుపరీక్ష అవసరం అక్కచెల్లెళ్లకు, పిల్లలకు కూడా ఉంటుంది. కాలేయం గట్టిపడిన వారికి, అదనపు ఎక్స్ క్రోమోజోముతో పుట్టే క్లైన్‌ఫెల్టర్ లోపం ఉన్నవారికి కూడా ముప్పు ఎక్కువే.

ఛాతీ పెరిగినంత మాత్రాన క్యాన్సర్ కాదు. యుక్తవయసులో హార్మోన్ల మార్పులతో, కొన్ని మందుల వల్ల వచ్చే పెరుగుదల మెత్తగా, తరచూ రెండు వైపులా ఉంటుంది. ఒకే వైపున గట్టిగా తగిలితే అనుమానించాలి. మామోగ్రామ్, స్కానింగ్ మగవారికీ తీస్తారు. సూదితో చిన్న ముక్క తీసి చేసే బయాప్సీలోనే విషయం ఖాయమవుతుంది. శస్త్రచికిత్స ప్రధానం. పది మందిలో దాదాపు తొమ్మిది మందికి హార్మోన్ ఆధారిత క్యాన్సరే కావడంతో టామాక్సిఫెన్ మాత్రలను సాధారణంగా ఐదేళ్లు వాడిస్తారు.

సైదాబాద్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వాసులు తొలుత మలక్‌పేట ఏరియా ఆసుపత్రిలోనో, ఉస్మానియాలోనో శస్త్రచికిత్స నిపుణుడికి చూపించుకోవచ్చు. ప్రభుత్వ రంగంలో క్యాన్సర్ చికిత్సకు రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రి ఉంది. క్యాన్సర్ చికిత్సలు ఆరోగ్యశ్రీ పరిధిలో ఉన్నాయి. 2023 డిసెంబరులో ఆ పథకం పరిమితిని కుటుంబానికి ఏటా రూ.10 లక్షలకు పెంచారు.